క్లార్క్ ఇంటిపేరుకి ఏ టార్టాన్? ముందు కాగితాలు, తర్వాతే గుడ్డ

మీ అమ్మాయి పెళ్ళి కుదిరినందుకు శుభాకాంక్షలండి. మీరడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ: అబ్బాయిది స్కాట్లండ్, ఇంటిపేరు క్లార్క్, పెళ్ళి ఎడిన్‌బరోలో. వియ్యాలవారి క్లాన్ (ఒక పెద్ద కింద ఉండే వంశ బలగం) ఏదో కనుక్కుని ఆ క్లాన్ టార్టాన్‌తో, అంటే వాళ్ళ గళ్ళ ఉన్ని గుడ్డతో, మీ వైపు మగవాళ్ళకి కండువాలు, ఆడవాళ్ళకి శాష్‌లు (భుజం మీదుగా వేసుకునే పొడవాటి గుడ్డలు) చేయించాలనీ, వాళ్ళ వంశచరిత్రని ఒక ఆల్బమ్‌గా కట్టించి కానుకగా ఇవ్వాలనీ మీ ఆలోచన. ఒక వెబ్‌సైట్ వాడు క్లార్క్ అంటే కామెరాన్ క్లాన్ అన్నాడు, ఇంకోడు మాక్‌ఫెర్సన్ అన్నాడు, మూడోవాడు ఏకంగా "క్లార్క్ కుటుంబ చిహ్నం" ఫ్రేమ్ కట్టి పంపిస్తానన్నాడు. వీళ్ళలో ఎవరిది నిజం, అసలు మనవాళ్ళు అది వేసుకుంటే అక్కడివాళ్ళు ఏమైనా అనుకుంటారా అని మీ టెన్షన్. నేను చాలా ఏళ్ళుగా గ్లాస్గోలో ఉంటున్నాను, ఇక్కడి ఫ్యామిలీ హిస్టరీ సొసైటీలో వాలంటీరుగా జనానికి పాత రికార్డులు వెతికిపెడుతుంటాను. ఇలాంటి ప్రశ్నలు, అదీ పెళ్ళిళ్ళ సీజన్‌లో, తెగ వస్తుంటాయి. కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ ఫ్రేమ్ కొనకండి. స్కాట్లండ్ చట్టంలో ఇంటిపేరుకి చిహ్నం అనేదే లేదు. డాలు బొమ్మ, దాని మీద జంతువో చెయ్యో, ఒక నినాదం, అదంతా ఒక మనిషి సొత్తు. ఆ ఇంటిపేరున్న అందరిదీ కాదు. వాటిని మంజూరు చేసేది ఎడిన్‌బరోలోని కోర్ట్ ఆఫ్ ద లార్డ్ లయన్. పేరుకి కాదు, అది నిజంగానే కోర్టు. 1672 నాటి చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది, ఇంకొకరి చిహ్నాన్ని తనదని చెప్పుకుని వాడుకోవడం ఇక్కడ నేరం కిందికి వస్తుంది. గోడకి ఫ్రేమ్ తగిలించుకున్నందుకు మీ వియ్యంకుడు గారిని ఎవరూ లాక్కెళ్ళరు కానీ, తెలిసినవాళ్ళు చూసి లోపల్లోపల నవ్వుకుంటారు. మామూలు క్లాన్ సభ్యులు పెట్టుకోదగ్గది క్రెస్ట్ బ్యాడ్జ్. చీఫ్, అంటే క్లాన్ పెద్ద గారి క్రెస్ట్ (డాలు పైన ఉండే బొమ్మ) మధ్యలో ఉంటుంది, దాని చుట్టూ బకిల్ ఉన్న బెల్టు, బెల్టు మీద నినాదం. ఆ బెల్టు ఉందంటే అర్థం, ఇది నా సొంతం కాదు, మా చీఫ్‌ది, నేను ఆయన మనిషిని అని. మాక్‌ఫెర్సన్ వాళ్ళదైతే పిల్లి బొమ్మ, గ్లవ్ లేకుండా పిల్లిని ముట్టుకోకు అని నినాదం. నాకు అన్నిట్లోకీ ఇష్టమైన నినాదం అదే, అది వేరే సంగతి.

ఇక క్లార్క్. ఇది వృత్తి మీద వచ్చిన పేరు, రాతకోతలు తెలిసినవాడు, చర్చి గుమాస్తా అని. కరణం అని ఇంటిపేరున్నవాళ్ళందరూ ఒకే వంశం అని మనం అనుకుంటామా? ఇదీ అంతే. స్కాట్లండ్ నలుమూలలా ఒకరితో ఒకరికి సంబంధం లేని వందల క్లార్క్ కుటుంబాలున్నాయి. హైలాండ్స్‌లో, అంటే ఉత్తర, పశ్చిమ కొండప్రాంతాల్లో, గేలిక్ మాట్లాడే కొన్ని కుటుంబాలు ఇంగ్లీషులోకి మారేటప్పుడు క్లార్క్ అని రాయించుకున్నాయి. వాటిలో కొన్ని కామెరాన్‌ల నీడలో బతికాయి, కొన్ని మాక్‌ఫెర్సన్‌లు ఉండే క్లాన్ చటన్ కూటమిలో బతికాయి. ఇలా పెద్ద క్లాన్‌ని ఆనుకుని ఉన్న చిన్న కుటుంబాన్ని సెప్ట్ అంటారు. మీకు ఆ రెండు సైట్లవాళ్ళు చెప్పింది ఆ సెప్ట్ జాబితాల్లోదే. ఆ జాబితాలు ఎక్కువభాగం 19వ శతాబ్దంలో, జనం మాకే టార్టాన్ అని దుకాణాలకి వచ్చి అడుగుతున్న రోజుల్లో తయారైనవి. అడిగినవాడిని ఉత్తచేతులతో పంపకూడదు కదా, అందుకని దాదాపు ప్రతి ఇంటిపేరునీ ఏదో ఒక క్లాన్ కింద సర్దేశారు. కాబట్టి ఇద్దరూ అబద్ధం చెప్పలేదు, కానీ ఇద్దరికీ మీ అబ్బాయి కుటుంబం గురించి ఏమీ తెలియదు.

ఇంకో చిక్కుంది. అబ్బాయి పూర్వీకులు ఫైఫ్ నుంచో, ఎయిర్‌షైర్ నుంచో, గ్లాస్గో చుట్టుపక్కల లానార్క్‌షైర్ నుంచో వచ్చి ఉంటే వాళ్ళు లోలాండ్స్, అంటే పల్లపు ప్రాంతాల జనం. అక్కడ చీఫ్, ఆయన వెనక కత్తి పట్టుకుని నడిచే బంధుబలగం, ఆ ఏర్పాటు హైలాండ్స్‌లో ఉన్నట్టు లేదు. సరిహద్దు ప్రాంతంలో ఆర్మ్‌స్ట్రాంగ్, కెర్ లాంటి పోట్లాట కుటుంబాలు ఉండేవి గానీ వాళ్ళెవరూ కిల్ట్ (మగవాళ్ళు నడుముకి కట్టే కుచ్చిళ్ళ టార్టాన్ గుడ్డ) కట్టినవాళ్ళు కాదు. ఈ రోజు షాపుల్లో వాళ్ళ పేర్లతో దొరికే టార్టాన్లన్నీ తర్వాత వచ్చినవే.

ఇంటిపేరు ఒక్కటే చూసి క్లాన్ తేల్చడం ఎంత మోసమో తెలియాలంటే మెక్‌గ్రెగర్ల కథ చూడండి. 1603లో రాజు ఆరో జేమ్స్ ఆ పేరునే నిషేధించాడు, మెక్‌గ్రెగర్ అని చెప్పుకుంటే మరణశిక్ష. వాళ్ళు ప్రాణభయంతో కాంప్‌బెల్, మర్రే, గ్రాంట్, డ్రమండ్, ఎవరు ఆశ్రయం ఇస్తే వాళ్ళ పేరు పెట్టుకున్నారు. 1661లో నిషేధం ఎత్తేశారు, 1693లో మళ్ళీ పెట్టారు, పూర్తిగా పోయింది 1774లో. ప్రఖ్యాతి చెందిన రాబ్ రాయ్ మెక్‌గ్రెగర్ కూడా కాంప్‌బెల్ అని సంతకం పెట్టినవాడే. అంటే ఇప్పుడు గ్రాంట్ అనో మర్రే అనో చెప్పుకునే మనిషి అసలు మెక్‌గ్రెగర్ అయి ఉండొచ్చు. దీనికి తిరగేసిన కథలూ ఉన్నాయి, ఫ్రేజర్ చీఫ్ తన పేరు పెట్టుకున్నవాళ్ళకి పిండి కొలిచి ఇచ్చాడని ఇప్పటికీ చెప్పుకుంటారు, ఆ కుటుంబాలకి "పిండి ఫ్రేజర్లు" అని ఎగతాళి పేరు కూడా ఉంది.

ఇప్పుడు టార్టాన్ గురించి. ఇది చెప్తే కొంతమంది స్కాటిష్ వాళ్ళకే కోపం వస్తుంది, కానీ మీరు ఆల్బమ్‌లో రాయబోతున్నారు కాబట్టి తెలిసి రాయడం మంచిది. గళ్ళ గుడ్డ మాత్రం నిజంగా చాలా పాతది. ఫాల్కిర్క్ దగ్గర రోమన్ నాణేల కుండకి మూతిలో కుక్కిన ఉన్ని గుడ్డ ముక్క దొరికింది, అది 3వ శతాబ్దం నాటిది. గ్లెన్ ఆఫ్రిక్ అనే లోయలో పీట్ (కుళ్ళిన మొక్కల) బురదలో దొరికిన ముక్క 1500కీ 1600కీ మధ్యదని తేల్చి 2023లో డండీలోని వీ అండ్ ఏ మ్యూజియంలో ప్రదర్శనకి పెట్టారు. రంగులు కలిసిన అసలైన టార్టాన్లలో ఇప్పటికి దొరికిన అతి పాతది అదే అంటున్నారు. పాతది కానిది ఒక్కటే: ఈ క్లాన్‌కి ఈ గళ్ళు అన్న లెక్క.

1746 ఏప్రిల్ 16న తిరుగుబాటు చేసిన హైలాండర్లకీ ప్రభుత్వ సైన్యానికీ మధ్య కలోడెన్ యుద్ధం జరిగింది. ఆ మైదానంలో ఎవడు మనవాడు, ఎవడు పగవాడు అన్నది గుడ్డ చూసి గుర్తుపట్టలేదు, టోపీకి పెట్టుకున్న రిబ్బన్ రంగు చూసి గుర్తుపట్టారు. ఆ తిరుగుబాటు మీద డేవిడ్ మోరియర్ వేసిన చిత్రంలో ఎనిమిదిమంది హైలాండర్లు కనిపిస్తారు, వాళ్ళ ఒంటి మీద ఇరవైకి పైగా వేర్వేరు టార్టాన్లు. చొక్కా ఒకటి, కిల్ట్ ఇంకొకటి, మేజోళ్ళు మరొకటి. ఈ రోజు క్లాన్ పేర్లతో అమ్మే డిజైన్లు అందులో దాదాపు కనిపించవు. తిరుగుబాటుదారులు ఓడిపోయాక ప్రభుత్వం హైలాండ్ దుస్తుల మీద నిషేధం పెట్టింది. 1747 ఆగస్టు నుంచి మగవాళ్ళు, మగపిల్లలు కిల్ట్ కడితే ఆరు నెలలు జైలు, రెండోసారి దొరికితే ఏడేళ్ళు ద్వీపాంతరం. అది 1782లో ఎత్తేసేనాటికి ఒక తరం గడిచిపోయింది. ఆ మధ్యకాలంలో మగవాళ్ళలో చట్టబద్ధంగా కిల్ట్ కట్టింది ఎక్కువగా బ్రిటిష్ సైన్యంలోని హైలాండ్ రెజిమెంట్ల సిపాయిలే.

నిషేధం పోయాక ఏం జరిగిందనేది అసలు కథ. బానక్‌బర్న్ అనే ఊళ్ళో విల్సన్ అండ్ సన్స్ అని ఒక నేత సంస్థ ఉండేది. సైన్యానికి గుడ్డ నేసేది వాళ్ళే, బయటికి అమ్మేదీ వాళ్ళే. వాళ్ళ డిజైన్లకి చాలావాటికి నంబర్లుండేవి, లేదంటే ఊళ్ళ పేర్లుండేవి. 1815లో లండన్ హైలాండ్ సొసైటీ చీఫ్‌లందరికీ ఉత్తరాలు రాసింది, మీ క్లాన్ టార్టాన్ ముక్క సీలు వేసి పంపండి అని. లార్డ్ మాక్‌డొనాల్డ్ ఇచ్చిన జవాబు ఏంటో తెలుసా? అసలైన మాక్‌డొనాల్డ్ టార్టాన్ ఏదో నాకే తెలియదు, మీరే కాస్త కనుక్కుని పంపండి అని! చీఫ్‌ల పరిస్థితే అలా ఉంటే మిగతావాళ్ళ సంగతి చెప్పాలా. 1822 ఆగస్టులో నాలుగో జార్జ్ రాజు ఎడిన్‌బరో వస్తున్నాడని సర్ వాల్టర్ స్కాట్ పెద్ద తంతు ఏర్పాటు చేశాడు, అందరూ తమ తమ టార్టాన్లలో రావాలని. లేనివాళ్ళు విల్సన్ దగ్గరికి పరుగెత్తారు, నంబర్లు కాస్తా పేర్లయ్యాయి. ఇప్పుడు మీకు ఒక సైట్‌వాడు చూపించిన మాక్‌ఫెర్సన్ టార్టాన్‌కి అంతకుముందు విల్సన్ వాళ్ళ దగ్గర కిడ్ అని పేరు. కిడ్ అనే ఆయన వెస్టిండీస్‌లోని తన బానిసలకి బట్టలకోసం టోకున కొన్న డిజైన్ కాబట్టి ఆ పేరు వచ్చిందని చరిత్రకారులు రాశారు. ఆల్బమ్‌లో ఇది పెట్టమని చెప్పను గానీ, షాపువాడు "వెయ్యేళ్ళ సంప్రదాయం" అన్నప్పుడు గుర్తుంచుకోండి.

ఆ తర్వాత ఇద్దరు అన్నదమ్ములొచ్చారు, సోబీస్కీ స్టూవర్ట్‌లని పేరు పెట్టుకుని, మేం రాజవంశం అని చెప్పుకుంటూ. 1842లో వెస్టియారియం స్కోటికమ్ అనే పుస్తకం వేశారు, 16వ శతాబ్దపు రాతప్రతి మా దగ్గరుంది, అందులోంచి క్లాన్ టార్టాన్లు తీశాం అన్నారు. ఆ అసలు రాతప్రతి ఎవరికీ చూపించలేదు. అది కల్పితమని తర్వాత తేలింది. తమాషా ఏంటంటే ఆ పుస్తకంలోని డిజైన్లు ఇప్పటికీ బోలెడు క్లాన్లు వాడుతున్నాయి, వాటి చీఫ్‌లు అధికారికంగా ఒప్పుకున్నవి కూడా అందులో ఉన్నాయి. లోలాండ్స్ పేర్లకి మొదటిసారి టార్టాన్లు అంటగట్టిందీ ఎక్కువగా ఆ పుస్తకమే.

ఇదంతా విని "అయితే టార్టాన్ అంతా డూపేనా" అంటారేమో. నేనలా అనను. రెండు వందల ఏళ్ళుగా జనం వాటిలో పెళ్ళిళ్ళు చేసుకున్నారు, యుద్ధాలకి వెళ్ళారు, వాటితోనే పూడ్చిపెట్టబడ్డారు. అపోలో 12లో చంద్రుడి మీదికి వెళ్ళిన అలన్ బీన్ తన వెంట మాక్‌బీన్ టార్టాన్ ముక్క పట్టుకెళ్ళాడు. అలాంటి గుడ్డకి విలువ లేదని ఎలా అంటాం? నేననేది ఒక్కటే, టార్టాన్ చూసి పూర్వీకులెవరో చెప్పలేం. పూర్వీకులెవరో తెలిశాక టార్టాన్ ఎంచుకోవచ్చు. మీరు మొదలుపెట్టాల్సింది అక్కడ, పైగా మీ ఆల్బమ్‌కి సరుకంతా అక్కడే ఉంది.

స్కాట్లండ్ రికార్డులు దొరకడం మీ అదృష్టం అనుకోండి. ఇంగ్లండ్‌లో పెద్దవాళ్ళ పాత డెత్ సర్టిఫికెట్ తీస్తే అందులో తల్లిదండ్రుల పేర్లే ఉండవు. ఇక్కడ 1855 జనవరి 1 నుంచి ప్రభుత్వ రిజిస్టర్లు మొదలయ్యాయి, మొదలైన రోజునుంచీ దిట్టంగా ఉన్నాయి. ఒక మరణం ఎంట్రీ తీశారనుకోండి: పేరు, వృత్తి, భార్య లేదా భర్త పేరు, ఏ వీధిలో ఏ గంటకి పోయారు, వయసు, తండ్రి పేరు, ఆయన వృత్తి, తల్లి పేరు, ఆమె పుట్టింటి ఇంటిపేరు, పోవడానికి కారణం, ఎన్నాళ్ళు జబ్బుపడ్డారు, చివర్న వచ్చి చెప్పిన మనిషి సంతకం, ఆ మనిషికి చనిపోయినవాళ్ళతో చుట్టరికం. రాయడం రాకపోతే అక్కడ ఇంటూ గుర్తు ఉంటుంది. ఒక్క ఎంట్రీతో ఒక తరం వెనక్కి వెళ్ళిపోతారు. పెళ్ళి ఎంట్రీలో ఇద్దరి తల్లిదండ్రుల పేర్లూ ఉంటాయి. పుట్టుక ఎంట్రీలో, 1861 నుంచీ, తల్లిదండ్రుల పెళ్ళి ఎప్పుడు ఎక్కడ జరిగిందో కూడా రాసి ఉంటుంది, దాంతో తర్వాతి ఎంట్రీకి నేరుగా వెళ్ళొచ్చు. 1855 ఒక్క ఏడాది మాత్రం గుమాస్తాలతో ఇంకా ఎన్నో వివరాలు రాయించారు, చనిపోయినవాళ్ళ పిల్లలందరి పేర్లతో సహా. పని ఎక్కువైపోయి మరుసటేడు తగ్గించేశారు. మీ వెతుకులాటలో 1855 ఎంట్రీ ఒక్కటి తగిలినా పండగే.

ఇవన్నీ స్కాట్లండ్స్‌పీపుల్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉన్నాయి. ఖాతా తెరిచి ఇండెక్స్ ఉచితంగా వెతుక్కోవచ్చు, అసలు పేజీ బొమ్మ చూడాలంటే క్రెడిట్లు కొనాలి, అదేం పెద్ద ఖర్చు కాదు. ప్రైవసీ కోసం ఇటీవలివి ఆన్‌లైన్‌లో చూపించరు: పుట్టుకలకి 100 ఏళ్ళు, పెళ్ళిళ్ళకి 75, మరణాలకి 50. ఆ లోపలివి కావాలంటే ఎడిన్‌బరోలో ప్రిన్సెస్ స్ట్రీట్ తూర్పు కొసన ఉన్న జనరల్ రిజిస్టర్ హౌస్‌కి వెళ్ళి చూడొచ్చు. ఎలాగూ పెళ్ళి పనులకి వస్తారు కదా, ఒక పూట పెట్టుకోండి.

పద్ధతి ఏంటంటే అబ్బాయితోనో, ఇంకా మంచిది వాళ్ళ నాయనమ్మతోనో కూర్చుని ముందు తెలిసిన పేర్లు రాసుకోండి. ఆ ఇంట్లో ఎక్కడో ఒక బిస్కెట్ డబ్బా ఉంటుంది, పాత ఫోటోలు, పతకాలు, చర్చి కాగితాలతో. అక్కణ్ణుంచి ఒక్కో మెట్టు వెనక్కి వెళ్ళండి. 1820లో ఒక జేమ్స్ క్లార్క్ దొరికాడు, మనవాడే అయ్యుంటాడు అని పైనుంచి కిందికి దిగడం మొదలుపెడితే పప్పులో కాలేసినట్టే. జేమ్స్ క్లార్క్‌లు ఎంతమందో లెక్కలేదు. జనగణన 1841 నుంచి 1921 వరకు పదేళ్ళకొకటి చూడటానికి ఉంది. 1841 దాంట్లో మాత్రం పెద్దవాళ్ళ వయసుల్ని అయిదుకి కుదించి రాశారు, 38 ఏళ్ళ మనిషి 35 అని ఉంటాడు, అది తెలియక చాలామంది మనిషి వేరే అనుకుని వదిలేస్తారు. పుట్టిన పారిష్ (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) పేరు కావాలంటే 1851 నుంచి చూడాలి. మీకు కావల్సిన అసలు వజ్రం అదే, పారిష్ పేరు.

1855కి ముందు చర్చి రిజిస్టర్లే దిక్కు. అందులో అతి పాతది 1553 నాటి ఎర్రల్ పారిష్‌ది, కానీ అన్ని చోట్లా అంత వెనక్కి ఉండవు, హైలాండ్స్‌లో చాలా పారిష్‌లకి బాగా ఆలస్యంగా మొదలయ్యాయి. ప్రభుత్వ చర్చిని వదిలి విడిపోయిన చర్చిలకి వెళ్ళినవాళ్ళు, కాథలిక్కులు అందులో దొరకకపోవచ్చు. 1783 నుంచి 1794 వరకు ఒక్కో ఎంట్రీకి మూడు పెన్నీలు పన్ను వేశారు, ఆ పన్ను ఎగ్గొట్టడానికి పేదవాళ్ళు పిల్లల పేర్లు రాయించడమే మానేశారు. ఆ పదేళ్ళలో మనిషి మాయమైతే కంగారుపడకండి. ఇలాంటి చోట పిల్లల పేర్లు సాయం చేస్తాయి. ఇక్కడ పాత కుటుంబాల్లో మొదటి కొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు, మూడోవాడికి తండ్రి పేరు పెట్టేవారు, ఆడపిల్లల్లో పెద్దదానికి అమ్మమ్మ పేరు, రెండోదానికి నాయనమ్మ పేరు. ఇది చట్టమేం కాదు, తప్పినవాళ్ళూ ఉన్నారు, కానీ ఇద్దరు జేమ్స్‌లలో మన జేమ్స్ ఎవరో తేల్చుకోవడానికి పనికొస్తుంది. ఇంకో మంచి విషయం, ఇక్కడ పెళ్ళయినా ఆడవాళ్ళ పుట్టింటి పేరు చెరిగిపోదు, సమాధి రాళ్ళ మీద కూడా ఎక్కువగా ఆ పేరే ఉంటుంది. కాబట్టి ఆల్బమ్‌లో క్లార్క్ మగవాళ్ళ వరుస ఒక్కటే వేయకండి, నాయనమ్మల వైపు కూడా వేయండి. చాలాసార్లు అసలైన హైలాండ్ క్లాన్ దొరికేది అక్కడే.

పారిష్ దొరికాక ఆల్బమ్‌కి ప్రాణం పోసేవి రెండున్నాయి, రెండూ ఉచితమే. ఒకటి నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లండ్ వాళ్ళ పాత మ్యాపులు. 19వ శతాబ్దపు మ్యాపులో పొలం, బావి, ఇల్లు కూడా కనిపిస్తాయి, ఇప్పటి ఉపగ్రహ చిత్రం పక్కన పెట్టి చూపిస్తుంది ఆ సైట్. రెండోది స్టాటిస్టికల్ అకౌంట్స్. సర్ జాన్ సింక్లెయిర్ అనే ఆయన 1790లలో దేశంలోని ప్రతి పారిష్ మత గురువు చేతా తన ఊరి గురించి రాయించాడు, ఏం పండుతుంది, కూలి ఎంత, జనం ఏం తింటారు, ఎంత తాగుతారు అన్నీ. 1830-40లలో మళ్ళీ ఒకసారి రాయించారు. కొంతమంది గురువులు తమ భక్తుల గురించి ఏం మొహమాటం లేకుండా రాశారు, చదువుతుంటే నవ్వొస్తుంది. ఆ పేజీ ఒకటి ప్రింట్ తీసి ఆల్బమ్‌లో పెడితే మీ వియ్యంకుడు గారు ఆ పూట ఆల్బమ్ వదలరు.

ఇప్పుడు గుడ్డకి రండి. రికార్డుల్లో కామెరాన్‌ల లోఖాబర్ ప్రాంతమో, మాక్‌ఫెర్సన్‌ల బాడెనాక్ ప్రాంతమో తగిలితే నిశ్చింతగా ఆ టార్టాన్ తీసుకోండి. లోలాండ్స్ తేలితే నా సలహా డిస్ట్రిక్ట్ టార్టాన్. గ్లాస్గో, ఎడిన్‌బరో, డండీ, ఎయిర్‌షైర్, గాలోవే, ఇలా ఊళ్ళ పేర్లతో, ప్రాంతాల పేర్లతో ఉన్నాయి. మా తాతముత్తాతలు ఈ ఊరివాళ్ళు అని చెప్పుకోవడం ఎవరూ కాదనలేని మాట, ఊహించుకున్న క్లాన్ కంటే అది వందరెట్లు మేలు. అయితే ముందు ఇంట్లో అడగండి, వాళ్ళ తాత ఏ టార్టాన్ కట్టి ఫోటో దిగాడో. ఆ కుటుంబం మూడు తరాలుగా కామెరాన్ కడుతుంటే, రికార్డులు ఏం చెప్పినా సరే, అదే వాళ్ళ టార్టాన్. అక్కడ మీరు వెళ్ళి చరిత్ర పాఠం మొదలుపెట్టొద్దు, ప్లీజ్.

మనవాళ్ళు వేసుకోవచ్చా అంటే, నిక్షేపంగా. ఏ టార్టాన్ ఎవరు కట్టకూడదనే చట్టం ఏదీ లేదు. బాల్మోరల్ అని రాజకుటుంబానికి పరిమితమైనది ఒకటుంది, ఎలాగూ అది షాపుల్లో దొరకదు. వియ్యాలవారి టార్టాన్ మీరు భుజాన వేసుకుంటే వాళ్ళు దాన్ని గౌరవంగానే తీసుకుంటారు. అయినా మొహమాటంగా ఉంటే బ్లాక్ వాచ్, హంటింగ్ స్టూవర్ట్ లాంటివి అందరూ వాడేవే. కొత్తది డిజైన్ చేయించుకోవడం కూడా ఉంది. 2009 నుంచి స్కాటిష్ రిజిస్టర్ ఆఫ్ టార్టాన్స్ అని ప్రభుత్వమే రిజిస్టరు నడుపుతోంది, ఫీజు కట్టి, డిజైన్ ఇంకెవరిదీ కాదని తేలితే నమోదు చేస్తారు. ఇక్కడి సిక్కు కుటుంబాలకి సింగ్ టార్టాన్ ఎప్పటినుంచో ఉంది. రెండు కుటుంబాల రంగులు కలిపి పెళ్ళికి కొత్త టార్టాన్ నేయించుకునే జంటలు ఈ మధ్య ఎక్కువయ్యారు.

కొనేటప్పుడు జాగ్రత్తలు. ఒకే డిజైన్ మోడర్న్, ఏన్షెంట్, వెదర్డ్ అని మూడు రకాల రంగుల్లో దొరుకుతుంది. ఏన్షెంట్ అంటే పాత డిజైన్ అని కాదు, రంగులు లేతగా ఉంటాయని, అంతే. కండువాలు ఒక చోట, కిల్ట్‌లు ఒక చోట తీసుకుంటే ఈ మాట కలిసిందో లేదో చూసుకోండి, లేకపోతే ఫోటోల్లో రెండు వేర్వేరు క్లాన్ల వాళ్ళలా ఉంటారు. రెండోది, నేతదా ప్రింటా చూడాలి. మన గళ్ళ లుంగీ సాదా నేత, పేక పోగు ఒక పడుగు పోగు మీదుగా, ఒక దాని కిందుగా వెళ్తుంది. టార్టాన్ ట్విల్ నేత, పేక పోగు రెండింటి మీదుగా వెళ్ళి రెండింటి కింద దూరుతుంది, తర్వాతి వరుసకి ఒక పోగు పక్కకి జరుగుతుంది. అందుకే ఎరుపు పడుగు, ఆకుపచ్చ పేక కలిసిన చోట దగ్గరగా చూస్తే ఐమూలగా సన్నటి గీతలు కనిపిస్తాయి, దూరంనుంచి అది మూడో రంగులా ఉంటుంది. గుడ్డ తిరగేసి చూడండి, అసలైనదైతే వెనక వైపూ అంతే ముదురుగా అవే గళ్ళుంటాయి. ప్రింటైతే వెలిసిపోయినట్టుంటుంది.

మగవాళ్ళకి కిల్ట్‌లు కొనొద్దు, అద్దెకి తీసుకోండి. ఒక సరైన కిల్ట్‌కి ఎనిమిది గజాల ఉన్ని గుడ్డ పడుతుంది, వెనక కుచ్చిళ్ళు పెట్టినా గళ్ళు చెదరకుండా అతికినట్టు కనిపించాలి, కుట్టడం చేతిపని, ధర అలాగే ఉంటుంది. కట్టుకునేటప్పుడు కుచ్చిళ్ళు వెనక్కి, మడత ఒంటికి కుడివైపు, అంచు మోకాలి చిప్ప మధ్యకి. కింద మూలన పెట్టే పిన్ను పై పొరకి మాత్రమే గుచ్చాలి, రెండు పొరలూ కలిపి గుచ్చితే కూర్చున్నప్పుడు గుడ్డ చిరుగుతుంది. ఈ పొరపాటు మొదటిసారి కట్టేవాళ్ళందరూ చేస్తారు. ఆడవాళ్ళకి శాష్ మామూలుగా కుడి భుజం మీద వేసి బ్రూచ్ పెడతారు. మన పైట ఎడమ భుజం మీద కాబట్టి రెండూ ఒకదానికొకటి అడ్డం రావు, పట్టుచీర మీద చాలా బాగుంటుంది కూడా. జంట చేతుల్ని టార్టాన్ ముక్కతో కట్టే తంతు ఇక్కడి పెళ్ళిళ్ళలో ఉంటుంది, పంతులుగారూ, అక్కడ పెళ్ళి జరిపించే సెలబ్రెంటూ ముందే మాట్లాడుకుంటే ఆ ముక్కతోనే కొంగుముడి కూడా వేయించొచ్చు.

మద్రాసు చెక్స్ కూడా స్కాటిష్ సిపాయిల వల్లే వచ్చాయట కదా అని మీరు చివర్లో అడిగారు. అలా చాలాచోట్ల రాస్తారు గానీ నేను నమ్మను. మెక్లౌడ్ హైలాండర్లు అనే స్కాటిష్ రెజిమెంట్ మద్రాసులో దిగింది 1780లో, అంతకు ఎంతో ముందే మన తీరం నుంచి గళ్ళ గుడ్డలు ఓడలెక్కుతున్నాయి. ఆ తర్వాత కాలంలో చీరాల చేనేత రుమాళ్ళు పశ్చిమ ఆఫ్రికా దాకా వెళ్ళాయి. పైగా వాళ్ళది ట్విల్, మనది సాదా నేత అని ఇందాకే చెప్పాను. అయితే ఆ రెజిమెంట్‌తో ఇంకో సంబంధం ఉంది. దాన్ని పోగుచేసిన లార్డ్ మెక్లౌడ్ ఇంటిపేరు నిజానికి మెకంజీ, ఆ సిపాయిలు కట్టిన డిజైన్, బ్లాక్ వాచ్ మీద ఎరుపు, తెలుపు గీతలు వేసినది, ఈ రోజు మెకంజీ క్లాన్ టార్టాన్. అంటే యూనిఫాం కాస్తా వంశానికి గుర్తయింది.

మెకంజీ అంటే మనకి గుర్తొచ్చేది ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ. లూయిస్ దీవిలోని స్టార్నోవేలో పుట్టాడు, ఏలూరు నుంచి వచ్చిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల సాయంతో మన ఊళ్ళ కైఫియత్తులు (గ్రామ చరిత్రలు), జమీందార్ల వంశావళులు సేకరించాడు. థామస్ మన్రోది హైలాండ్స్ క్లాన్ పేరే గానీ ఆయన పుట్టింది గ్లాస్గోలో, వ్యాపారి ఇంట్లో. 1827లో పత్తికొండలో కలరాతో పోయాడు. ఇది చదివేవాళ్ళలో సికింద్రాబాద్‌లోనో, రైల్వే కాలనీల్లోనో పెరిగిన ఆంగ్లో ఇండియన్ కుటుంబాలవాళ్ళుంటే, స్కాటిష్ ఇంటిపేరు ఉంటే, మీరు మొదలుపెట్టాల్సింది స్కాట్లండ్‌లో కాదు. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల బాప్టిజం, పెళ్ళి, ఖననం రిజిస్టర్ల నకళ్ళు లండన్‌కి పంపేవారు, అవి బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఎన్/2 వరుసలో ఉన్నాయి. ముందు అక్కడ ముత్తాత రెజిమెంటో ఉద్యోగమో పట్టుకుని, తర్వాత ఇటు రండి.

మీ విషయానికొస్తే, అబ్బాయి తాతగారు ఏ ఊళ్ళో పుట్టారు, ఎప్పుడు పోయారు, నాయనమ్మ పుట్టింటి పేరేంటి, ఈ మూడూ కనుక్కోండి. పేర్లు ఇక్కడ అందరిముందూ పెట్టకుండా నాకు విడిగా పంపండి, ఇండెక్స్‌లో ఎంతవరకు వెళ్తుందో చూసి చెప్తాను. కిల్ట్ అద్దె మాత్రం ఇప్పుడే బుక్ చేసేయండి, వేసవి శనివారాలకి సైజులు దొరకడం కష్టం, అందులోనూ మన మావయ్యల నడుము కొలతలకి.